పద్మక్క అడగని మాట

ఇవాళ అనంతపురంలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే, ముందు నడుస్తున్నామె కొత్త పట్టుచీర గరగరమంది. అంతే, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ధర్మవరంలో పద్మక్క మగ్గాల ఇల్లు కళ్లముందుకొచ్చింది. నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే. అప్పటికే పాత దుకాణాల వాళ్లు ఆమె చీరలు కొనడం మానేశారు. బెంగళూరులో కొనేవాళ్లు కొత్తగా దొరక్కపోతే మగ్గాలు ఆగిపోతాయి. అలాంటివాళ్లను ఆన్‌లైన్‌లో వెతికి పలకరించడం నా పని.

ముచ్చటపడి రాసుకున్న ఇంగ్లీషు మెసేజ్‌ని అందరికీ పంపబోతే, పద్మక్క ఫోన్ లాక్కుంది.

"ఏమ్మే, కరపత్రాలు పంచుతాండావా? ముందు మీది యావూరని అడుగు."

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్ద బట్టల కంపెనీకి సరుకు కొనే మనిషిని ఎవరైనా అలా అడుగుతారా? అయినా అడిగాను. గిరిధర్ అనే ఆయన వెంటనే జవాబిచ్చాడు: "నల్లమాడ! మాయమ్మ ఇంకా ఆడే ఉండాది."

ఇక చూడాలి పద్మక్క సంబరం! ఆ తల్లికి మోకాలి ఆపరేషన్ అయితే, సంగటి, పులుసు కట్టుకుని బస్సెక్కి కదిరి ఆసుపత్రికి వెళ్లింది. ఆ తర్వాత ఆడవాళ్లిద్దరికీ రోజూ ఫోన్లే. చీరల ఊసు మాత్రం లేదు. నాకు ఒళ్లు మండేది.

"ఇప్పుడన్నా గిరిధరన్నను అడుగక్కా. మగ్గాలు నిలిచిపోతాండాయి."

"ఎట్లా అడిగేదే? దీనికోసమే వచ్చిందనుకోదా ఆ యమ్మ?"

"మరి దేనికోసం పోయినావు?"

"ఏమోనే, నాకే తెలీదు" అంది పద్మక్క.

మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నేను ఇక్కడ ఉద్యోగం చూసుకున్నాను. కిందటేడు పద్మక్క పోయింది. కర్మకు గిరిధర్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ తల్లి ఏడుపు ఆపడం ఎవరివల్లా కాలేదు. ఆయన ఖాళీ మగ్గాల దగ్గర నిలబడి నాతో అన్నాడు.

"ఒక్కమాట అడిగింటే కొంటాంటి కదమ్మా. నా అంతట నేనే అడిగితే, మాయమ్మకు చేసినదానికి వెల కట్టినాననుకుంటాదని భయపడితి. అడుగుతాదేమోనని చూస్తానే ఉంటి."

ఎవరిమీద కోప్పడాలో నాకు తెలియలేదు. ఏడ్చాను.

ఇప్పటికీ నా పని కొత్తవాళ్లను పలకరించడమే. మొదట వాళ్ల మంచిచెడ్డలు నిజంగానే అడుగుతాను, వాళ్లూ మనసు విప్పి మాట్లాడతారు. ఇక నా అవసరం చెప్పాలనుకునేసరికి నోరు పెగలదు. అది ఎప్పుడు చెప్పాలో పద్మక్క నాకు నేర్పలేదు. ఆమెకూ తెలియదు.