సగం సగం మింగిన మాత్రలు

ధర్మవరంలో సగం మంది నేతగాళ్ల చూపు నిలబెట్టింది నేనేనని మనవళ్లకు చెబుతుంటాను. సగం మంది కాదు. నిలబెట్టనూ లేదు. పెనుకొండ ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉంటూ, డాక్టరు చూసేటప్పుడు రోగుల కనురెప్పలు తిరగేసి పట్టుకునేవాణ్ణి. రెప్ప తిరగేయడంలో నా అంతటి చెయ్యి జిల్లాలో లేదన్న మాట మాత్రం నిజం. సరే, అదీ కాస్త పెంచిందే.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మద్రాసు నుంచి ఒక కళ్ల డాక్టరు వచ్చాడు. మా వైపు దుమ్ముకూ ఈగలకూ ఇంటింటా కంటి కురుపుల జబ్బు ఉండేది. రెప్పల లోపల గసగసాలు చల్లినట్టు గింజలు లేచి, ఏళ్ల తరబడి ఒరుసుకుని, చివరకు నల్లగుడ్డు మీద తెల్లని పొర కమ్ముతుంది. అప్పటిదాకా దానికి మందు మైలుతుత్తం ఒక్కటే. రెప్ప తిప్పి ఆ నీలం ముక్కతో రుద్దితే వస్తాదులు కూడా అమ్మా అని అరిచేవారు. కొత్తగా వచ్చిన తెల్లమాత్రలు దానికంటే మేలా కాదా అని తేల్చడానికే డాక్టరు వచ్చాడు.

ధర్మవరంలో జబ్బున్నవాళ్లను వరుసగా నిలబెట్టాడు. ఒకరికి మాత్రలు, ఆ వెనకవారికి మైలుతుత్తం, మళ్లీ ఒకరికి మాత్రలు. "మనం ఏరి ఇస్తే ఏ మందు పనిచేసిందో తెలియదయ్యా" అన్నాడు. పదిహేను రోజులు నేను రోజూ ఇంటింటికీ పోయి, నా కళ్లెదుట మాత్రలు మింగించి, కాగితం మీద గీత పెట్టాలి. మైలుతుత్తం రుద్దే పని ఆయనది; వాళ్లంతా ఆయన బసకే పోవాలి, ఆయన ఇళ్ల వైపు రాడు.

ఆ వరుసలో ఒక తల్లీ కొడుకూ ఉన్నారు. కొడుకు పట్టుచీర అంచులు నేయడంలో పేరున్నవాడు, ముప్పై ఏళ్లు నిండలేదు. అప్పుడే కుడికంట్లో పొర మొదలైంది. "నువ్వు ముందర నిలబడు నాయనా" అని తల్లి అతణ్ణి ముందుకు తోసింది. అందువల్ల కొడుక్కి మాత్రలు వచ్చాయి, ఆమెకు మైలుతుత్తం వచ్చింది.

"మాయమ్మకు గూడా మాత్రలే ఇయ్యప్పా. ముసలిది, ఆ మంటకు తట్టుకోలేదు" అన్నాడతను.

"కుదరదప్పా. మద్రాసు రూలు" అన్నాను, ఆ రూలు నేనే రాసినట్టు మీసం సవరించుకుంటూ.

మూడు రోజులు సక్రమంగా తిరిగాను. నాలుగో రోజు దారిలో చిత్రావతి ఏటికి వరద వచ్చింది. పంచె తలకు చుట్టుకుని నీళ్లలోకి దూకాను, సుడి వెనక్కి నెట్టేసింది. ఈ ముక్క నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఆ నెలంతా చిత్రావతిలో ఇసుక తప్ప ఏమీ లేదు. నేను హిందూపురంలో ఉన్నాను. మా నాటక సమాజం రిహార్సళ్లు, నాది రాజు వేషం. మిగిలిన రోజులన్నిటికీ సరిపడా మాత్రలు పొట్లాలు కట్టి ఇళ్లలో ఇచ్చేసి, గీతలన్నీ రైల్లో కూర్చుని ఒకేసారి పెట్టేశాను.

ఎనిమిది రోజుల తరువాత ధర్మవరం పోతే, ఆ తల్లి గడపలో కూర్చుని అడకత్తెరతో ఏదో కత్తిరిస్తోంది.

"ఏమవ్వా, పొద్దున్నే వక్కలా?"

"వక్కలు కాదు నాయనా, వాని మాత్ర. సగం వానికి, సగం నాకు. సమానంగా తెగల్ల గదా."

మగ్గం గుంతలోంచి కొడుకు అన్నాడు: "అమ్మకు పెట్టకుండా నేనొక్కణ్ణే ఎట్ల మింగేదప్పా? నీకు గొంతు దిగుతాదా?"

పక్కింట్లో అడిగాను. అక్కడ మాత్ర మూడు ముక్కలవుతోంది. వీధి పొడుగునా అంతే. ఇంటికొచ్చింది ప్రసాదమైనా మందైనా అందరి నోట్లో పడాల్సిందే. నేను ఎదుట నిలబడి మింగించి ఉంటే ఈ పంపకం జరిగేది కాదు.

"తప్పా నాయనా?" అంది ఆమె, అడకత్తెర పక్కన పెట్టి.

"ఈ మాట డాక్టరు ముందర అనొద్దవ్వా. మాత్రలు నిలిపేస్తాడు" అన్నాను. ఆమె బెదిరిపోయి వీధంతా చెప్పింది. ఎవరూ నోరు విప్పలేదు.

పదిహేనో రోజు డాక్టరు అందరి కళ్లూ చూశాడు. మాత్రలు మింగినవాళ్లకూ మైలుతుత్తం రుద్దించుకున్నవాళ్లకూ తేడా కనిపించలేదు. కొడుకు కంట్లో పొర ఉన్నచోటే ఉంది.

"అందరూ నీ ఎదుటే మింగారా?"

"ఒక్క మాత్ర తప్పలేదు సార్."

ఆయన నా గీతల కాగితాన్ని చాలాసేపు చూశాడు. "నేను చాలా ఆశపెట్టుకున్నానయ్యా" అన్నాడు. ఈ మాత్రల వల్ల ఎక్కువ మేలేమీ లేదని రాసుకుని, మిగిలిన డబ్బాలు కట్టించి మద్రాసు పోయాడు. అవే మాత్రలు వేరే చోట్ల బాగా పనిచేశాయని తరువాత విన్నాను. మా ధర్మవరానికి మాత్రం మళ్లీ మైలుతుత్తమే.

కొన్నేళ్లకు ఆ వీధిలో పోతుంటే గొంతు గుర్తుపట్టి అతనే పిలిచాడు. రెండు కళ్లూ సున్నం పూసినట్టున్నాయి. తల్లి పోయింది. మగ్గం మీద ఇంకెవరో కూర్చున్నారు, అతను చేత్తో తడుముకుంటూ కండెలు చుడుతున్నాడు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పప్పా. అమ్మకు పెట్టకుండా నేనొక్కణ్ణే మింగింటే కండ్లు నిల్చేవా?"

నిలిచేవో లేదో నాకు తెలియదు. అది తెలుసుకోవడానికే డాక్టరు అంత దూరం నుంచి వచ్చాడు. తెలియకుండా చేసింది నేను.

"నిల్చేవి కాదులే. మాత్రలే పనికిరానివి. డాక్టరే రాసిపోయినాడు" అన్నాను.

అతను పెద్దగా ఊపిరి వదిలాడు. "అట్లనా! బతికిస్తివప్పా. అమ్మకు పెట్టే కండ్లు పోగొట్టుకుంటినేమో అని ఒకపక్క, అట్ల అనుకునేదానికి నాకు మనసెట్ల వచ్చిందో అని ఒకపక్క, దినామూ కుమిలిపోతాండా." నా చెయ్యి వెతికి పట్టుకుని, లోపలున్న పెళ్లాన్ని కేకేశాడు. "ఏమే, కాంపౌండరప్ప వచ్చినాడు, కాఫీ తీసుకురా!"

కూర్చుని తాగాను. రెండో లోటా కూడా అడిగాను. ఇందులో మాత్రం పెంచి చెప్పింది ఏమీ లేదు.