గోడ లేని రోజు

తెనాలిలో కాలవ గట్టు మీద మా కాలనీ ఇళ్లు ఎంత పాతబడ్డాయంటే, వాన పడితే బయటకంటే లోపలే ఎక్కువ తడిసేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటాక వాటిని పడగొట్టి, మూడంతస్తులు కట్టి, మళ్లీ మాకే ఇస్తామన్నారు. అందాకా మేం కొలకలూరులో అద్దెకు చేరాం. పక్కింటివాళ్లు రేపల్లెలో చుట్టాలింటికి వెళ్లారు. "పీడా పోయింది" అంది అమ్మ.

అమ్మకీ పక్కింటావిడకీ ఏడేళ్లుగా మాటల్లేవు. మా మునగచెట్టు గొంగళిపురుగులు ఆవిడ ఎండబెట్టుకున్న వడియాల మీద పడ్డాయి. ఆవిడ కొమ్మ నరికించింది. అప్పటినుంచి ఏం చెప్పాలన్నా ఇద్దరూ మధ్యగోడకే చెప్పేవారు.

"ఏమే గోడా, పంపు వచ్చింది, పట్టుకునేవాళ్లని పట్టుకోమను" అని అమ్మ.

"మాకు ఇందాకే తెలిసిందని చెప్పవే గోడా" అని అవతల్నుంచి ఆవిడ.

మాటలున్నవాళ్లు కూడా అంత మాట్లాడుకోరు.

ఇళ్లు పూర్తి కావస్తుండగా అందర్నీ పిలిచి చీట్లు తీశారు. మాకు మూడో అంతస్తు వచ్చింది. ఆవిడకి కింద ఇల్లు, అదీ కాలవ వైపు. మా నాన్నకి ఒక కాలు ముడవదు, మెట్లెక్కలేడు. అమ్మ ముఖం పాలిపోయింది.

"మార్చుకునేవాళ్లు సాయంత్రంలోగా ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టండమ్మా" అన్నాడు ఇంజనీరు.

అంటే ఆవిడని అడగాలి. అడగాలంటే గోడ కావాలి. దాన్ని ఏడాది కిందటే పడగొట్టేశారు.

అమ్మ చుట్టూ చూసింది. ఆవిడ నిలబడ్డ చోటికి దగ్గర్లో కాంక్రీటు కలిపే మిషను ఆగి ఉంది. అమ్మ వెళ్లి దాని ముందు నిలబడింది.

"ఏమే మిషనూ, మా ఆయన మెట్లెక్కలేరే. కింద ఇల్లు ఎవరైనా ఇస్తే బాగుండు."

ఇంజనీరు కంగారుగా నా దగ్గరికొచ్చాడు. "అమ్మగారికి ఒంట్లో బాగోలేదాండీ?"

"బాగానే ఉందండి. పక్కింటావిడతో మాట్లాడుతోంది" అన్నాను.

ఆవిడ కొంగు దోపుకుని మిషనుకి అవతలి పక్కకి వచ్చింది.

"ఏమే మిషనూ, పైన గాలి బాగా వస్తదంట కదా? ఎండా బాగుంటది. గొంగళిపురుగులు అంతెత్తు ఎక్కి చావవు. సంతకం ఎక్కడ పెట్టాలో కనుక్కో."

సాయంత్రంలోగా ఇద్దరూ సంతకాలు పెట్టారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే.

చేరిన వారానికి, పై అంతస్తులకి ఇంకా నీళ్లు ఎక్కని రోజుల్లో, అమ్మా నేనూ డాబా మీద బట్టలు ఆరేసి దిగుతున్నాం. రెండో అంతస్తు మెట్ల మీద ఆవిడ కూలబడి ఉంది. పక్కన నీళ్ల బిందె. రెండు మోకాళ్లూ చేతులతో పట్టుకుని ఆయాసపడుతోంది. ఆ నొప్పులు ఈనాటివి కావని చూస్తేనే తెలుస్తోంది. గాలి కోసం పైకి వెళ్లిందని అన్నాళ్లూ నమ్మిన మా ఇద్దరికీ సిగ్గేసింది.

అక్కడ గోడలకేం కొదవ లేదు, చుట్టూ గోడలే. అమ్మ ఒక్కదానివైపూ చూడలేదు.

"వదినా, బిందె ఇటియ్యి" అంది.

ఆవిడ కళ్లు తుడుచుకుని, పక్కనున్న గోడకేసి తిరిగింది.

"విన్నావటే గోడా? నన్నే!"