యూగ్ కాపే కనుబొమ

ఒనొరీన్ ఆ రోజు నా తప్పు ఎందుకు బయటపెట్టలేదు? ముప్పై ఏళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు పుస్తకాలు చదవడం తప్ప నాకు వేరే పని లేదు. ఏ పుస్తకంలో యూగ్ కాపే రాజు బొమ్మ కనిపించినా ముందు కనుబొమలే చూస్తాను.

ఒనొరీన్ గాజు మీద బొమ్మలు వేసేది. నేను ఆ ముక్కలను సీసపు పట్టీలతో బిగించి కిటికీ చేసేవాణ్ణి. యుద్ధంలో పగిలిన మా చర్చి కిటికీలో, వెయ్యేళ్ల కిందట రాజవంశాన్ని నిలబెట్టిన యూగ్ కాపే ఉండాలన్నారు ఫాదర్. నమూనాకని పాత అచ్చుబొమ్మ ఒకటి తెచ్చారు.

"ఈయన్ని చూసొచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా ఫాదర్? ఈ గడ్డం ఎవరి మేనమామదో తెచ్చి అంటించారు" అంది ఒనొరీన్.

"మరి నువ్వెవరిది అంటిస్తావమ్మా?"

"మా ఇంట్లోవాడిదే."

రాజు ముఖంగా తన తమ్ముడు గాటియెన్‌ని వేసింది. అతను ఇళ్లకు రాతి పలకల కప్పులు వేసేవాడు. యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. ఎడమ కనుబొమ మీద పలక కోసుకున్న మచ్చతో సహా వేసి, రంగు గాజుకు పట్టాలని కొలిమిలో మూడుసార్లు కాల్చింది.

రంగు వేసిన వైపు చర్చి లోపలికి ఉండాలి. బయటికి ఉంటే వాన తినేస్తుంది. మా పనిలో మొదట నేర్పేది అదే. ఆ ముఖం ముక్క గుడ్డులా ఉండేది, ఎటు తిప్పినా పట్టీలో కూర్చునేది. నేను చూసుకోకుండా తిరగేసి కూర్చోబెట్టాను. పరంజా విప్పేశాక చూస్తే మచ్చ కుడివైపు ఉంది.

ఆమె కూడా తలెత్తి చూస్తోంది. "ఫిర్మిన్, మచ్చ అటు కాదు కదరా?"

"నువ్వే అటు వేశావక్కా. మర్చిపోయినట్టున్నావు."

"అయ్యుండొచ్చు. వాడి మొహం కూడా మర్చిపోతున్నానన్నమాట."

పన్నెండు చలికాలాలు గడిచేసరికి రాజుకు ముఖం లేదు. రంగు సరిగా కాల్చలేదని ఊరంతా అనుకున్నారు. చుట్టుపక్కల చర్చిలవాళ్లు ఆమెకు పని చెప్పడం మానేశారు. నేను నోరు విప్పలేదు.

కిటికీ దింపడానికి పరంజా కట్టినప్పుడు ఆమె నాతోపాటు పైకెక్కింది. లోపలివైపు అరచేత్తో తడిమింది. గాజు నున్నగా ఉంది, ఎప్పుడూ రంగు ఎరగనట్టు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కింద నుంచి ఫాదర్ అరిచారు: "ఇంకోసారి కాల్చి ఉంటే పోయేది కాదు కదమ్మా!"

ఆమె నా వైపు చూసింది. నేను పట్టీ వైపు చూశాను.

"నిజమే ఫాదర్, సరిగా కాల్చలేదు" అంది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "ఎడమదేరా, ఫిర్మిన్. నేను మర్చిపోలేదు" అంది.

మర్నాడు అన్నీ ఒప్పుకుందామని వాళ్లింటికి వెళ్లాను. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. పక్కింటావిడ మెట్లు కడుగుతోంది.

"పొద్దున బస్సుకే పెట్టెతో వెళ్లిపోయిందిగా! నీకైనా చెప్పలేదా?"