పెట్టని చోట పండిన ఎరుపు

అమ్మ చేతి మీద గంజి ఒలికిన రోజు సాయంత్రానికి నేను నాలుగు జాకెట్లు కుట్టి ఇవ్వాలి. అందుకే అంతా తొందరలో జరిగిపోయింది. తొందర నాకు కొత్తేమీ కాదు. ఉదయగిరిలో మా వీధి వాళ్ళు నన్ను కాలుగాలిన పిల్లి అంటారు. ఆ వారం మాత్రం కాలింది అమ్మకి, తిరిగింది నేను.

అన్నం వారుస్తుంటే మూత జారి, కుడి చేతి వెనక, బొటనవేలి మొదట్లో నిమ్మకాయంత మేర కాలింది. అమ్మ అరవలేదు, కొంగుతో తుడుచుకుంది. నేను మిషన్ మీద నుంచి లేచి పరిగెత్తాను గానీ, కుళాయి కింద పెట్టాలని తోచలేదు. కాలిన చోట నీళ్ళు తగిలితే బొబ్బలెక్కుతుందని చిన్నప్పటి నుంచీ విన్న మాట. పక్కింటి ముస్లిం ఆవిడ, నేను ఖాలా అని పిలిచే మనిషి, ఆషాఢమని ఆ పొద్దున్నే తన పెరటి చెట్టు నుంచి గోరింటాకు కోసిచ్చింది. నా చేతులకి పెట్టుకుందామని నూరి గిన్నెలో ఉంచాను. చలవ చేస్తుంది కదా అని అదే తీసి అమ్మ చేతికి మెత్తాను.

“నాకెందుకు మే గోరింటాకు?” అంది అమ్మ.

“మందు లేమ్మా. కదిలించబాక.”

అమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచి అమ్మ గోరింటాకు పెట్టుకుంది లేదు, పెడతానని నేను అడిగిందీ లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. నా బుర్రంతా జాకెట్ల మీద ఉంది.

మర్నాటికి ఆ చోటు ఇంకా ఎర్రబడింది. గోరింటాకు రెండో రోజుకే కదా బాగా పండేది, నేను ధీమాగా ఉన్నాను. ఖాలా వచ్చి చూసి, “ఏంది అక్కా, ఇంత బాగా పండింది! మంచి మొగుడొస్తాడు నీకు” అని ఎగతాళి చేసింది. అమ్మ కోప్పడుతుందనుకున్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడో రోజు చూస్తే ఎరుపు మణికట్టు వైపు జరిగి ఉంది. రంగు దిగే గుడ్డ పక్క గుడ్డకి అంటించడం నేను రోజూ చూసేదే. తడి చేత్తో పని చేసి ఉంటుంది, రంగు పాకి ఉంటుంది అనుకున్నాను. అనుకున్నానే గానీ కుదురు లేదు. నాలుగు కుట్లు వేయడం, లేచి వెళ్ళి చెయ్యి చూడటం. చివరికి టేపు తెచ్చి కొలిచాను. పొద్దున రెండున్నర అంగుళాలు, మధ్యాహ్నానికి మూడు.

“నొప్పిగా ఉండాదా?”

“లేదు.”

“సలపడం లేదూ?”

“లేదంటే! పోయి నీ జాకెట్లు కుట్టుకో.”

నాకు తిక్క రేగింది. లేదంటే లేదని నేనూ మిషన్ తొక్కాను. ఆ రోజు కుట్టిన జాకెట్ చెయ్యి వంకరపోయి, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున అమ్మ ఎడం చేత్తో అన్నం కలుపుతూ కనిపించింది. కుడి చెయ్యి పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డలా వేడిగా ఉంది. వాచి నిగనిగలాడుతోంది. చితికిన బొబ్బ అంచున పచ్చగా చీము, కాస్త వాసన కూడా.

అమ్మకి ఏళ్ళుగా షుగర్. ఆ మందులు రాసే డాక్టరమ్మ ఆత్మకూరులో ఉంటుంది. అక్కడికే తీసుకుపోదామని బస్టాండుకి వస్తే సీతారామపురం నుంచి రావాల్సిన బస్సు రాదు. నేను నిలబడలేను, కూర్చోలేను. షుగర్ ఉన్న మా బంధువు ఒకాయనకి కాలి వేలి పుండుతో మొదలై మోకాలి దాకా తీసేశారు. అమ్మ చెయ్యి పోతే? పెట్టింది నేనే కదా. బస్సెక్కాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

డాక్టరమ్మ చెయ్యి చూస్తూనే ముఖం చిట్లించింది. రంగు పాకిందనుకున్నామని గొణిగాను.

“గోరింటాకు పెట్టిన చోటే పండుతుందమ్మా. పెట్టని చోట పండిందంటే అది గోరింటాకు కాదు.”

ఆమె మరక మీద వేలితో నొక్కి వదిలింది. రంగు అట్లాగే ఉంది. మరక దాటిన ఎరుపు మీద నొక్కింది. ఒక్క క్షణం పాలిపోయి, మళ్ళీ ఎర్రబడింది. అది రంగు కాదని అప్పుడు నాకు అర్థమైంది. పుండు కడిగి, కట్టు కట్టించి, సూది వేయించి, మాత్రలు రాసింది. ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో దాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసింది.

“ఎరుపు ఈ గీత దాటినా, జ్వరం వచ్చినా, చేతి పైకి ఎర్రటి చారలెక్కినా వెంటనే తీసుకురావాల. కాలగానే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పుంటే సరిపోయేది. ఆకులూ పేస్టులూ పుయ్యబాకండి.”

తిరుగు బస్సులో ఆపుకోలేక అరిచినంత పని చేశాను. “నొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదు?”

అమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. తర్వాత, “చెప్తే దాన్ని గీకి తీసేస్తారని భయపడినాను మే” అంది. “మీ నాయన పోయినాక మళ్ళా నా చేతికి ఎరుపు చూసినాను. మందని పెట్టినావు గదా, ఎవురూ ఏమీ అనరు. నాలుగు రోజులు ఉండనీలే అనుకున్నా.”

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ మీద కాదు. తొమ్మిది ఆషాఢాలు అమ్మ ముందే కూర్చుని నా చేతులకి మాత్రమే పెట్టుకున్నాను.

తర్వాతి రోజులు ఆ గీత చుట్టూనే తిరిగాను. మర్నాడు ఎరుపు గీత దగ్గరే ఆగి ఉంది. టేపుతో పని లేదు, కళ్ళు చాలు, అయినా గంటకోసారి చూశాను. జ్వరం ఉందేమోనని నుదురు తాకి తాకి తిట్లు తిన్నాను. మూడో రోజు గీతకీ ఎరుపుకీ మధ్య దారమంత సందు కనిపించింది. ఆ దారం చూశాక గానీ నాకు అన్నం సహించలేదు.

పుండు మాని, కట్టు విప్పేసేటప్పటికి ఆషాఢం దాటిపోయింది. నేనే వెళ్ళి ఖాలాని ఆకు అడిగి తెచ్చి నూరాను. కుట్టాల్సిన జాకెట్లు పక్కన పడేసి, అమ్మ ముందు కూర్చుని ఎడం చెయ్యి పట్టుకున్నాను. కాలని చెయ్యి. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

“ఎవురన్నా అడిగితే ఏం చెప్పేది మే?” అంది అమ్మ.

“కాలిందని చెప్పు.”

“ఎందుకూ?” అంది అమ్మ, చెయ్యి వెలుగులోకి చాపి చూసుకుంటూ. “నా కూతురు పెట్టింది, పండింది అని చెప్తా.”