తెలుగు పేపర్లో రాని వార్త

బరంపురం లైబ్రరీలో మైక్రోఫిల్మ్ చూసే యంత్రం ఒక్కటే ఉంది. చేత్తో తిప్పాలి. కాస్త గట్టిగా తిప్పితే నెల రోజుల పేపర్లు గిర్రున వెళ్లిపోతాయి. నేను వెతుకుతున్నది మా నాన్న పోయిన రోజు.

ముప్పై ఏళ్ల కింద, కార్తీక పున్నమికి అందరూ అరటి డొప్పల పడవలు నీళ్లలో వదిలిన మర్నాడు, గోపాలపూర్ నుంచి సముద్రం మీద చేపల వేటకెళ్లిన నాన్న తిరిగి రాలేదు. శవం దొరకలేదని అమ్మ బొట్టు తీయలేదు. ఏడాదికోసారి ఆయన పేరున అన్నమూ పెట్టలేదు. మొన్న వేసవిలో జబ్బుపడి లేచాక తనే అంది: "నాను పోయేలోపు మీ అయ్యకి ఓ ముద్ద పెట్టరా. ఏ రోజో సూసి సెప్పు."

అందుకని వచ్చాను. దుఃఖమేమీ లేదు. రేషన్ కార్డు పని మీద వచ్చినట్టే ఉంది.

తెలుగు పత్రిక రీలు అడిగి తీసుకుని రెండు గంటలు తిప్పాను. శ్రీకాకుళంలో వడ్ల ధర, టెక్కలి దగ్గర లారీ బోల్తా. నాన్న లేడు. నా మీద నాకే ఒళ్లు మండింది. అప్పట్లో అమ్మ చేసిందీ ఇదే. పది రోజులు తెలుగు పేపరు తెప్పించి పక్కింటాయన చేత చదివించుకుంది. చేపల బేరాలు, తిట్లు, సరసాలు అన్నీ ఒడియాలో గడగడా లాగించే ఇల్లు మాది. ఒడియా అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. టీ కొట్టు బల్ల మీద ఒడియా పేపరు రోజూ పడే ఉండేది. అందులో మా సంగతి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

రీళ్లు ఇచ్చే పెద్దాయన ఆ ఊరి బడా బజార్ మనిషి, ఇంట్లో తెలుగే. "గంజాం ఒడ్డు సంగతి తెలుగు పేపరోడికేటి తెలుస్తాది బాబూ? ఒడియాది సూద్దాం," అని తనే రీలు మార్చి, చదివిపెట్టాడు.

పున్నమి వెళ్లిన ఆరో రోజు పేపరు. నాలుగే లైన్లు. గంజాం దగ్గర ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో ఒక శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కుడి చేతి మీద పడవ పచ్చబొట్టు, మొలతాడుకి రెండు రాగి తాయెత్తులు. రెండు రోజులు చూసి, ఎవరూ రాకపోతే, ముందు రోజు సాయంత్రం ఆ ఊరి జాలర్లే దహనం చేశారు.

"మీవోడేనా?" అన్నాడు పెద్దాయన.

తలూపాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు అలాగే కూర్చున్నాను. రాలేదు. గంజాం మా ఇంటికి బస్సులో గంటన్నర. తేదీ కాగితం మీద రాసుకుని లేచాను.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పి, కాగితం చేతికిచ్చాను. దాన్ని చూడనైనా చూడలేదు.

"కొరివి ఎవులెట్టారంట?" అంది.

"ఆ ఊరోల్లేనమ్మా. పేరు రాయలేదు."

కాగితం పక్కన పెట్టింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది.

"అన్నం తరవాత పెడుదువుగాని. ముందు గంజాం ఎల్లరా. ఆ కొరివెట్టినోడు బతికుంటే, నీ అన్న అనుకుని ఆడి కాళ్లకి దండమెట్టు."