అయిదో మోతాదు

"ఆయన మనిషండీ బాబూ! మనిషికి ఒళ్ళు బాగోకపోతే మీరే కదా చూడాలి?"

"మనిషేనండీ, నేను కాదన్నానా? ఆయనకుందని మీరంటున్న జబ్బు మాత్రం పశువులది. పైగా నా పరీక్షలో అది కూడా లేదు."

కిటికీకి ఇవతల బల్లమీద కూర్చున్న సూదిమామకు ప్రతి మాటా వినబడుతోంది. లోపల పోట్లాడుకుంటున్నది పశువుల డాక్టరూ, పక్క ఆవరణలోని మనుషుల ఆసుపత్రి డాక్టరమ్మానూ. పోట్లాట ఆయన గురించే. రెండు ఆసుపత్రులకూ నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. మేకలు రోజుకు పదిసార్లు దాటే ఆ గోడను కాగితాలు మాత్రం ఇంతవరకూ దాటలేదు.

సూదిమామ దూడలకు టీకాలు వేసే మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆవులకు నెలలు నిండకుండానే చూలు పోయే జబ్బొకటి ఉంది. ఆ పాలు పచ్చివి తాగితే మనిషికీ అంటుకుంటుంది. ఇక నెలల తరబడి జ్వరం, కీళ్ళ నొప్పులు. అందుకని నాలుగు నెలలు నిండి ఎనిమిది దాటని పెయ్యదూడలన్నింటికీ ఒకసారి సూది వెయ్యాలనీ, వేసినదానికి చెవికి నంబరు బిళ్ళ కొట్టాలనీ పైవాళ్ళ పాలసీ. ఎనిమిది దాటితే వెయ్యకూడదు.

ఐసుపెట్టె భుజానికి తగిలించుకుని ఇంటింటికీ తిరిగేవాడు. "రావే అమ్మడూ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటూ పెయ్య మెడ నిమిరి, అది తల తిప్పేలోగా పని కానిచ్చేవాడు. తర్వాత ఇంటివాళ్ళకు ఉపన్యాసం. పాలు కాచి తాగండి, ఆవు ఈనేటప్పుడు ఒట్టి చేతులు పెట్టకండి. తను మాత్రం అన్నీ ఒట్టి చేతులతోనే. టీకాలో ఉండేది బతికున్న క్రిమేనని తెలిసినా, చేతికి తొడుగేసుకుంటే దూడ వణుకు తెలీదంటాడు.

"ఊళ్ళో దూడలక్కూడా నీ మాట మీద గురి కుదిరింది. నీకే కుదర్లేదు" అంటుంది ఆయన భార్య.

జ్వరం పట్టుకుని రెండు నెలలైంది. మహా తెలివైన జ్వరం. సాయంత్రానికి వస్తుంది, దుప్పటి తడిపేస్తుంది, తెల్లారేసరికి చల్లగా జారుకుంటుంది. ఆసుపత్రిలో చీటీలిచ్చేదేమో పొద్దున్నే. "ఏదీ జ్వరం?" అంటుంది డాక్టరమ్మ. ఆమె ఫారంలో ఓ ప్రశ్న ఉంది: జంతువేదైనా కరిచిందా? దూడ ఎందుకు కరుస్తుంది పాపం! కరవలేదని రాశాడు. ఇంట్లో మంచం పైన గోడకు, నూటికి నూరు శాతం టీకాలు వేసినందుకిచ్చిన ప్రశంసాపత్రం వేలాడుతూ ఉంటుంది. దాని కిందే వణుకుతూ పడుకుంటాడు.

లోపల గొంతులు మళ్ళీ లేచాయి.

"మామూలు పరీక్షకు దొరకని రకం ఒకటుందండీ," అంటున్నాడు పశువుల డాక్టరు. "మా టీకాలోదే. కానీ అది రావాలంటే సూది గుచ్చుకోవాలి. మా మామకా, గుచ్చుకోవడమా! సీసాకు అయిదు మోతాదులు, అయిదు దూడలు. చుక్క తేడా ఉండదు. రిజిస్టరు చూపిస్తానుండండి."

"మరి నేనేం మందివ్వను? ఆ రకమైతే ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే రెండు మందుల్లో ఒకటి దండగ. ఊహించి రాసి ప్రాణం మీదికి తెమ్మంటారా?"

సూదిమామ తన బొటనవేలు చూసుకున్నాడు. లోపల ఆయన చేతి నేర్పును మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పే ఆయన మందుకు అడ్డం పడుతోంది. రెండున్నర నెలల కిందట చివరింటి పెయ్య ఒక్క తన్ను తన్నింది. అయిదో మోతాదు తిన్నగా ఆ వేల్లోకి దిగింది. సీసా ఖాళీ. ఇంకో సీసా విప్పితే మిగతా నాలుగూ ఎందుకు పారబోశావో రాసివ్వాలి. పై అధికారి ప్రశంసాపత్రం పట్టుకుని మర్నాడే వస్తున్నాడు. వేలు పంపు కింద కడుక్కుని, పెయ్య చెవికి బిళ్ళ కొట్టి, వచ్చేశాడు.

లేచి గుమ్మంలోకి వెళ్ళాడు.

"గుచ్చుకుంది సార్."

పశువుల డాక్టరు చేతిలో రిజిస్టరు అలాగే ఉండిపోయింది. "ఊరుకో మామా, జ్వరంలో ఏదేదో అంటున్నావు."

"జ్వరం సాయంత్రానికి గానీ రాదు సార్."

జరిగిందంతా చెప్పాడు. అది పూర్తయ్యేలోపే డాక్టరమ్మ చీటీ తీసి, దండగన్న మందు వదిలేసి పనిచేసేది రాసింది.

"అయితే మన నూటికి నూరు..." అని నసిగాడు పశువుల డాక్టరు.

"ఆ పత్రం తెచ్చిచ్చేస్తాలెండి. దానికంటే ముందు మీకో పని సార్. ఆ పెయ్యకు వచ్చే శుక్రవారంతో ఎనిమిది నెలలు నిండుతాయి. రేపది ఈని పాలిచ్చిందంటే, ఆ ఇంట్లో పిల్లలు పితికినవి పితికినట్టే తాగేస్తారు, ఎన్ని చెప్పినా వినరు. మీరే స్వయంగా వెళ్ళి దానికి సూది వెయ్యండి. ఇంకెవర్ని పంపినా, చెవికి బిళ్ళుంది కదా అని చూసి వెనక్కొచ్చేస్తారు."