పిలక వేస్తేనే పిల్ల

మేడ్చల్ రైల్వే స్టేషన్ ఎదురుగా గోలీసోడా అమ్మే జలీల్ మియాకు ఒకటే పిచ్చి. గాజుది ఏది కంటబడినా అందులో నీళ్లు పోసి నాచు పెంచేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు, చుట్ట ముట్టడు. వాటిలో ఏదో ఒకటి ఉన్నా బాగుండేదని, నలుగురిలో చెప్పుకోవడానికైనా వీలుండేదని ఆయన భార్య అజ్మతున్నీసా అనుకునేది.

ఆ ఇంట్లో మామిడికాయ తొక్కు మట్టికుండలో ఉండేది. తొక్కు ఉండాల్సిన గాజు సీసాలో చెరువు ఉండేది. అవి యుద్ధం రోజులు. లాంతరు గాజు పగిలితే హైదరాబాదు మొత్తం గాలించినా ఇంకొకటి దొరికేది కాదు. అలాంటి కాలంలో ఇంట్లో ఉన్న ఒక్క లాంతరు గాజును ఊడదీసి, అడుగున లక్కతో మూసి, అందులో నాచు నాటిన ఘనుడు ఆయన. ఆనాటి నుంచి అజ్మతున్నీసా బుడ్డి దీపం పొగలోనే వంట చేసుకుంది.

దుకాణంలోనూ అదే తంతు. ఒకనాడు స్టేషన్ మాస్టరు చేతికందిన సీసా ఎత్తి తాగబోతే మూతికి ఆకు తగిలింది.

"ఏంది జలీల్ మియా, సోడాల కూర ఏసినవా?"

"గది అమ్మేది కాదు సాబ్. మొన్ననే నాటిన." జలీల్ మియా సీసా లాక్కుని, ఆకు నలిగిందేమోనని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. మాస్టరు దాహం సంగతి ఆయనకు గుర్తే లేదు.

వీటన్నిటికీ పెద్దన్న లాంటిది నట్టింట్లో ఉండేది. మూతబడిన మిఠాయి దుకాణం నుంచి అద్దాల పెట్టె తెచ్చి, సందులకు తారు పూసి, అడుగున షామీర్‌పేట చెరువు బురద, దానిమీద కడిగిన ఇసుక పరిచి నీళ్లు నింపాడు. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడగానే ఆకుల అంచుల నుంచి సన్నటి బుడగలు వరసగా పైకి లేచేవి. జలీల్ మియా దాని ముందు పీట వేసుకుని, చాయ్ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. ఇంటికి వచ్చినవాళ్లందరూ ముందు ముచ్చటపడేవాళ్లు, తర్వాత తప్పకుండా ఒకటే అడిగేవాళ్లు.

"చేపలేవి?"

"చేపలు బజార్ల దొరుకుతయ్ పో" అనేవాడు.

పక్కింటి సిద్దిరాములు మాత్రం వదిలేవాడు కాదు. "గిన్ని నీళ్లు వెట్టుకొని చేపలెందుకు ఇడువవు మియా?"

"నీ చేన్ల మేకలను ఇడుస్తవా సిద్దిరాములు?"

సోమవారం దుకాణం బందు. ఆనాడు సైకిలెక్కి షామీర్‌పేట చెరువుకు పోయేవాడు. కిరసనాయిలు డబ్బా అడుగు కోసేసి అక్కడ అద్దం బిగించుకున్నాడు. ఛాతీలోతు నీళ్లలో నిలబడి, ఆ డబ్బాను నీళ్లలోకి ఒత్తి, అందులో తల పెట్టి చూసేవాడు. గట్టుమీద బర్రెల కాపరులు నవ్వేవాళ్లు, బర్రెలు మాత్రం పక్కకు తప్పుకుని మర్యాద చేసేవి. సాయంత్రం తడి లుంగీతో ఇల్లు చేరి, చూసినదంతా భార్యకు చెప్పేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైంది రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకుల నాచు. దానికి ఫీతా అని తనే పేరు పెట్టాడు.

"ఆడపువ్వు సన్న కాడ మీద నీళ్లపైకి వస్తది, అజ్మత్. మగపువ్వులు అడుగునే తెగి, పిండి లెక్క పైకి తేలి, గాలికి కొట్టుకపోయి దాని దగ్గరికి చేరుతయ్. గప్పుడు కాడ సుట్టలు సుట్టుకొని పువ్వును మల్ల కిందికి గుంజుకుంటది."

"నాచుకు గూడ నికా అయితాంది" అంది అజ్మతున్నీసా. "మన సాలేహాకే అయితలేదు."

అదీ ఆమె బాధ. ఒక్కగానొక్క కూతురు సాలేహా. ఈడు పిల్లలందరూ అత్తారిళ్లకు వెళ్లిపోయారు. సంబంధాలు రాక కాదు, వచ్చినవాళ్లకు జలీల్ మియా పెట్టే షర్తు అటువంటిది. పిల్లవాడి తరఫువాళ్లు చాయ్ తాగి లేవబోతుంటే ఫీతా మొక్క నాటిన సీసా ఒకటి వాళ్ల చేతిలో పెట్టేవాడు.

"దీన్ని మీ ఇంట్ల బతికియ్యుండ్రి. సోమవారం సోమవారం నేనే వచ్చి సూసుకుంట. పిలక ఏస్తే పిల్లనిస్త."

చాలామంది ఆ సీసా స్టేషన్ దగ్గరే వదిలేసి రైలెక్కేవాళ్లు. కుత్బుల్లాపూర్ ధాన్యం వ్యాపారి ఇంటివాళ్లు మాత్రం పట్టుదలగా పెంచారు. ఫీతా అక్కడ గుబురుగా పెరిగి, పక్కన పిలక కూడా వేసింది. అజ్మతున్నీసా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఆ సోమవారం జలీల్ మియా వెళ్లి చూసి వచ్చి, "వద్దు" అన్నాడు.

"ఎందుకు?"

"నాచు మరీ పచ్చగున్నది."

అజ్మతున్నీసా ఆ మాట మేడ్చల్‌లో ఏ ఇంటి గడపనూ వదలకుండా చెప్పింది. "ఎండితే వద్దంట, పచ్చగుంటే వద్దంట. ఈయనకు అల్లుడు కావాల్నా, తామరాకు కావాల్నా మీరే అడుగుండ్రి."

తర్వాత వచ్చింది అమీర్ అలీ సంబంధం. షామీర్‌పేటలో సైకిళ్లు బాగుచేసే కుర్రవాడు. తండ్రి లేడు, తల్లి సుగ్రాబీ ఉంది. అమీర్ అలీ పేరు వినపడిన పూట సాలేహా పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. తల్లికి ఇంకేం చెప్పనక్కరలేదు. ఈ సంబంధం గనక పోతే పిల్ల మనసు విరుగుతుందని ఆమె భయపడింది. సీసా మాత్రం మామూలుగానే షామీర్‌పేట వెళ్లింది.

ఒక బుధవారం బండి తోలే కుర్మయ్య వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, సుగ్రమ్మ మొత్తుకుంటాంది. నాచు కుళ్లిపోయిందట."

"ఏం జేసిండ్రు దాన్ని?"

"రోజు కొత్త నీళ్లు పోసిండ్రట. ఎండ మంచిదని నడి ఎండల వెట్టిండ్రట. ఆఖరికి బలం రావాల్నని పాలు పోసిండ్రట."

అజ్మతున్నీసా తల పట్టుకుంది. సోమవారం ఆయన వెళ్తాడు, చూస్తాడు, వద్దంటాడు. తలుపు వెనక సాలేహా అంతా విన్నది. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు.

మర్నాడు భర్త దుకాణానికి వెళ్లగానే అజ్మతున్నీసా అద్దాల పెట్టెలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. ఇన్నేళ్లలో ఆ నీళ్లు ముట్టడం అదే మొదలు. చిన్న ఫీతా మొక్కను వేళ్లతో సహా పెరికి, లోటాలో పెట్టి, బుర్ఖా లోపల దాచి కుర్మయ్య బండెక్కింది.

దారి గతుకులు. కాసేపటికి కుర్మయ్య వెనక్కి తిరిగాడు. "అమ్మా, బండిల నీళ్లు కారుతున్నయ్."

"చెమట."

"చెమటల నత్త గూడ వచ్చిందమ్మా."

"నువ్వు ఎడ్లను సూసుకో, కుర్మయ్యా."

సుగ్రాబీ ఇంటి వెనకవాకిలి గుండా చప్పుడు కాకుండా దూరింది. బావిగట్టు మీద సీసా ఉంది. లోపల తెల్లటి నీళ్లు, నల్లటి పీచు. అజ్మతున్నీసా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ కంపు అంతా పారబోసి, సీసా కడిగి, అడుగున ఇంత బురద, ఇసుక సర్దింది. మొక్క నాటబోతుండగా గోడ పక్కన సైకిలు ఆగిన చప్పుడైంది. వెనకవాకిలి నెట్టుకుని జలీల్ మియా లోపలికి వచ్చాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. చేతిలో నీళ్లోడుతున్న తువ్వాలు మూట.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"దుకాణం?" అంది ఆమె.

"బంద్ వెట్టిన. నువ్వు?"

"దర్గాకు వచ్చిన."

"దర్గా గా దిక్కున్నది."

"మీరు?"

"చెరువుకు."

"చెరువు గూడ గా దిక్కే ఉన్నది."

ఆయన చూపు లోటా మీద పడింది. "గది మన పెట్టెలది గద. ఏరు తెంపకుంట దీసినవా?"

"ఏరు సంగతి తర్వాత. గా మూటల ఏముంది?"

జలీల్ మియా నేరం చేసినవాడిలా మూట విప్పాడు. చెరువులోంచి అప్పుడే తీసిన పెద్ద ఫీతా, నిగనిగలాడుతోంది.

"షర్తు వెట్టింది మీరు. దొంగతనంగ గెలిపిచ్చేది గూడ మీరేనా? ఇంతదానికి షర్తు ఎందుకు?"

జలీల్ మియా బావిగట్టు అంచున కూర్చున్నాడు. "ఆడపిల్ల తండ్రి ఊకె పోయి పిల్లగాని ఇంట్ల కూసుంటడా, అజ్మత్? కబురు వెట్టి పోతే అందరు మంచి బట్టలు కట్టుకొని పలావు వండుతరు. నాచు జూడనీకి వచ్చిన అంటే ఎవ్వరు పలావు వండరు. పిచ్చోడొచ్చిండు అనుకొని వాళ్ల పని వాళ్లు జేసుకుంటరు. ఇల్లు ఎట్లుంటదో గప్పుడు కనవడ్తది."

"మరి కుత్బుల్లాపూర్ల నాచు పచ్చగనే ఉండె గద."

"నాచుకు ఏం తక్కువ లేకుండె. నేను దాన్నే జూస్తున్న. పిల్లగాని ముసలి దాదీ మంచంల పండుకొని నీళ్లు అడిగింది. ఎవ్వరు లేవలే. మల్ల అడిగింది. గా పిల్లగాడు కూజల నీళ్లు ముంచుకొని, ఆమె మంచం పక్కనుంచే నడ్సుకుంట వచ్చి నాచుల పోసిండు. నా దిక్కు జూసి నవ్విండు."

అజ్మతున్నీసా కళ్లలో నీళ్లు తిరిగాయి. తన కూతురు ఆ మంచం పక్కన ఎలా బతికేదో తలుచుకుంది. అయినా కోపం పూర్తిగా పోలేదు. "నాకు జెప్తే ఏమయితుండె?"

"నువ్వు ఊరంత జెప్తవు. గా ఇంట్ల గూడ ఆడపిల్లలున్నరు. వాళ్లకు పెండ్లిండ్లు కావాలె గద."

చెప్పి ఉండేదని ఆమెకే తెలుసు.

"ఈడ ఏం జూసిండ్రు మరి?"

"మొన్న సోమవారం వచ్చిన. గోడ అవతల ఉన్న. పాలు వోసింది సుగ్రాబీ. ఏడుస్తాంది. పిల్లగాడు, 'నేను వోసిన అని జెప్త, నువ్వు ఫికర్ జెయ్యకు అమ్మీ' అన్నడు. నేను లోపలికి రాకుంటనే మర్లిపోయిన."

అజ్మతున్నీసా ఆయన చేతిలో పెద్ద మొక్కను లాక్కుని సీసాలో నాటింది. దాని పక్కనే, ఆనించి, తన చిన్న మొక్కను నాటింది. బావి నీళ్లు తోడబోతే ఆయన వద్దని, సైకిలుకు తగిలించుకొచ్చిన డబ్బాలోని చెరువు నీళ్లు నెమ్మదిగా పోశాడు.

మాటలు విని సుగ్రాబీ బయటికి వచ్చింది. ఇద్దరినీ, సీసానూ చూడగానే గడపలోనే ఆగిపోయింది. ఆమె వెనకే నూనె చేతులతో అమీర్ అలీ. అడగకముందే అందుకున్నాడు.

"పాలు నేనే వోసిన, మామూ."

"ఏం పాలు?" అంది అజ్మతున్నీసా. "సూడుండ్రి, పిలక ఏసింది."

తల్లీ కొడుకూ వంగి చూశారు. అమీర్ అలీ నిజాయితీపరుడు, అదే అతనితో చిక్కు. "పొద్దుగాల సచ్చి ఉండె గద, ఖాలా."

"మంచి ఇంట్ల జల్దీ లేస్తది బిడ్డా" అని అజ్మతున్నీసా భర్త వైపు ఉరిమి చూసింది.

జలీల్ మియా ఎప్పటిలాగే సీసా ముందు గొంతుకూర్చున్నాడు. ఈ పక్కనుంచి చూశాడు, ఆ పక్కనుంచి చూశాడు.

"బరాబర్ ఉన్నది" అన్నాడు. "పిల్లనిస్త. పాలు మాత్రం ఇగ మీ కోడలికి పొయ్యుండ్రి."

నికా రోజున కుత్బుల్లాపూర్ చుట్టం ఒకామె అజ్మతున్నీసాను పక్కకు పిలిచి అడిగింది. అంత ఆస్తి ఉన్న సంబంధం వదులుకుని సైకిళ్లు బాగుచేసేవాడికి ఇచ్చారేమిటని. అజ్మతున్నీసాకు నాలుక దురద పెట్టింది. ఆ ధాన్యం వ్యాపారి ఇంటి ఆడపిల్లలు ఇద్దరు అక్కడే, సాలేహా చేతుల గోరింటాకు చూసి మురిసిపోతూ కూర్చున్నారు. వాళ్లను చూసి ఆమె మాట మింగేసింది.

"ఏం జెయ్యాలె చెల్లె," అంది, పందిట్లో అందరికీ వినపడేంత గొంతుతో, తలెత్తుకుని. "మా ఆయనకు నాచు పిచ్చి."